మూర్ఛకు మొదటి సాక్షి

తెలుగు వాడుకలో ‘మూర్ఛ’ అనే మాట రెండు వేర్వేరు స్థితులకు చెల్లుతోంది. ఎండలో ఎక్కువసేపు నిలబడి కళ్లు తిరిగి సొమ్మసిల్లినవారినీ మూర్ఛపోయారనే అంటారు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ స్పృహ తప్పినవారినీ మూర్ఛ వచ్చిందనే అంటారు. ప్రాచీన వైద్యం ఈ రెంటినీ కలపలేదు. చరకసంహిత మూర్ఛను సూత్రస్థానంలో మద, సన్న్యాసాల సరసన పేర్కొని, అపస్మారానికి మాత్రం నిదానస్థానంలో ఒకటి, చికిత్సాస్థానంలో ఒకటి చొప్పున విడి అధ్యాయాలు కేటాయించింది. స్మృతి తొలగిపోవడమే అపస్మారమని ఆ పదానికి అర్థం. ఇళ్లలో వినిపించే ఫిట్స్, వాయి, ఈడ్పులు అనే మాటలు రెండో స్థితినే చెబుతాయి గాని, అది ఒకసారి వచ్చిపోయిన సంఘటనా, మళ్లీ మళ్లీ వచ్చే జబ్బా అన్నది చెప్పవు. పిల్లలను చూసుకునే మనిషికి ఈ తేడాలు తెలిసి ఉండాలి, ఎందుకంటే సొమ్మసిల్లిన బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తి ఉంచడం మంచిది, మెదడులో అలజడి రేగి పడిపోయిన బిడ్డను అలా వెల్లకిలా వదిలేస్తే నోటిలోని లాలాజలమో వాంతో ఊపిరికి అడ్డం పడుతుంది. అందుచేత ఈ ఉపన్యాసంలో ఒక్కసారి వచ్చే అలజడిని మూర్ఛ అనీ, కారణం బయట కనిపించకుండా అది మళ్లీ మళ్లీ వచ్చే స్వభావాన్ని మూర్ఛవ్యాధి అనీ వ్యవహరించడం జరుగుతుంది.

మెదడులోని నాడీకణాలు అతి స్వల్పమైన విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. వేలాది కణాలు అదుపు తప్పి ఒకేసారి, ఒకే లయలో సంకేతాలు వెలువరిస్తే మూర్ఛ వస్తుంది. మెదడు పైపొరలో హఠాత్తుగా పుట్టే మితిమీరిన విడుదలే దీనికి మూలమని ఆంగ్ల వైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ 1873 నాటికే వివరించాడు. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తలపై నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేసి, 1929లో ప్రకటించిన తరువాత అది కంటికి కనిపించే గీతగా మారింది. రెండు మూర్ఛల మధ్య 24 గంటలకు మించిన వ్యవధి ఉండి, జ్వరం, చక్కెర పడిపోవడం, తలకు దెబ్బ వంటి తక్షణ కారణం లేకపోతే దాన్ని మూర్ఛవ్యాధిగా గుర్తించడం వైద్యంలో స్థిరపడిన పద్ధతి. ఒక్కటే వచ్చినా, మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువగా ఉందని పరీక్షల్లో తేలితే వ్యాధిగానే లెక్కించాలని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2014లో చేర్చింది. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారు. సరైన నిర్ధారణ, సరైన మందులు అందితే వారిలో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆ నిర్ధారణ ఎలా జరుగుతుందన్నదే ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న. మూర్ఛ రెండు మూడు నిమిషాల్లో వచ్చిపోతుంది, డాక్టరు గదికి చేరేసరికి బిడ్డ మామూలుగా ఆడుకుంటూ ఉంటుంది. మెదడు విద్యుత్ పరీక్ష, అంటే ఈఈజీ, మూర్ఛకూ మూర్ఛకూ మధ్య తీసినప్పుడు ఏ లోపమూ చూపకపోవచ్చు, స్కాను కూడా నిర్మలంగా ఉండవచ్చు. అప్పుడు వైద్యుడికి మిగిలే ఆధారం కళ్లారా చూసినవారి మాట ఒక్కటే. బిడ్డకు ఏమీ గుర్తుండదు, తల్లి ఆ సమయానికి పొలంలోనో ఫ్యాక్టరీలోనో ఉంటుంది. చూసినవారు అంగన్‌వాడీ టీచరో, ఆయానో, క్రష్‌లో పిల్లలను ఆడించే అమ్మాయో, హాస్టల్ వార్డెనో అయి ఉంటారు. కాబట్టి సంరక్షకులకు ఇచ్చే మూర్ఛ శిక్షణను కేవలం ప్రథమ చికిత్స శిక్షణగా చూడడం చాలదు. అది సాక్షిగా నిలబడే శిక్షణ కూడా. చేతులతో చేయవలసిన పని తక్కువ, కళ్లతో చేయవలసిన పని ఎక్కువ అయిన ప్రథమ చికిత్స ఇది ఒక్కటేనేమో.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలై నేడు దేశమంతటా వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలు రోజులో ఎక్కువ భాగం అక్కడే గడుపుతారు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతకవలసిన 30 ఆరోగ్య సమస్యల జాబితాలో మూర్ఛలను కూడా చేర్చి, సంచార వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వెళ్లాలని నిర్దేశించింది. ఇది మంచి ఏర్పాటే, అయితే దంతక్షయాన్నో చర్మవ్యాధినో పట్టినట్టు బృందం మూర్ఛను పట్టలేదు, ఎందుకంటే బృందం వచ్చిన పూటకు మూర్ఛ రాదు. వచ్చిన పూటకు ఉండేది ఆయాయే. ఆమె చెప్పకపోతే బృందం జాబితాలో మూర్ఛ గడి ఖాళీగానే మిగిలిపోతుంది.

అందరికీ తెలిసిన రూపం ఒళ్లంతా కొట్టుకునే మూర్ఛ. మొదట శరీరమంతా కర్రలా బిగుసుకుంటుంది, ఛాతీ కండరాలు ఒక్కసారిగా బిగియడంతో లోపలి గాలి బయటికి తోసుకొచ్చి వింత అరుపు వినిపించవచ్చు, బిడ్డ నిలువునా పడిపోతుంది. ఆ కొద్ది సెకన్లలో ఊపిరి ఆడనట్టు కనిపించి పెదవులు నీలంగా మారతాయి. తరువాత కాళ్లూ చేతులూ లయబద్ధంగా కొట్టుకోవడం మొదలై, క్రమంగా ఆ కుదుపుల మధ్య విరామం పెరుగుతూ ఆగిపోతుంది. మింగలేకపోవడం వల్ల లాలాజలం నురగగా పేరుకుంటుంది. అందులో నెత్తురు జీర కనిపిస్తే నాలుకో బుగ్గో పంటికింద పడిందని అర్థం. మూత్రం పోవచ్చు. ఆ తరువాత గాఢనిద్ర, లేచాక అయోమయం, తలనొప్పి. ఈ క్రమమంతా ముందే తెలిసిన మనిషి నీలిరంగు చూసి బెంబేలెత్తదు, తెలియని మనిషి మాత్రం బిడ్డ చనిపోతోందనే అనుకుంటుంది. శిక్షణలో మొదటి గంట ఈ క్రమాన్ని వీడియోలో పదేపదే చూపించడానికే కేటాయించినా అది వృథా కాదు.

చేయవలసినవి కొద్దే. గడియారం చూడాలి. చుట్టూ ఉన్న బల్ల, పలక, పొయ్యి వంటివి దూరంగా జరపాలి. వాటిని జరపడానికి వీలుకాకపోతేనే, బిడ్డ నీటిలోనో మంట పక్కనో మెట్ల అంచునో ఉంటేనే, బిడ్డను జరపాలి. తల కింద మడిచిన చీరకొంగో తువ్వాలో పెట్టాలి. మెడ దగ్గర బొత్తాము, దండ, తాయెత్తు తాడు వదులు చేయాలి. కుదుపులు కాస్త నెమ్మదించగానే బిడ్డను ఒక పక్కకు తిప్పి, నోరు నేల వైపు వాలేలా ఉంచాలి. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదు, అదిమితే కుదుపు ఆగదు సరికదా కీలు తప్పవచ్చు. చక్రాల కుర్చీలో ఉన్నవారికి మూర్ఛ వస్తే దించే ప్రయత్నం చేయకుండా చక్రాలకు బ్రేకు వేసి, తల పట్టుకుని ఉండడమే మేలు. స్పృహ పూర్తిగా వచ్చేదాకా పక్కనే ఉండాలి. అంతవరకు మంచినీళ్లైనా నోట్లో పోయకూడదు. అంగన్‌వాడీలో భోజనం వేళ మూర్ఛ వస్తే బుగ్గన ఉన్న ముద్దో గుడ్డు ముక్కో పక్కకు తిప్పిన భంగిమలో దానంతట అదే జారిపోతుంది, దానికోసం వేలు పెట్టి వెతకనక్కరలేదు.

అసలు కష్టమంతా చేయకూడనివి మాన్పించడంలో ఉంది. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఇనుప వస్తువు పట్టించడం, చెప్పు వాసనో ఉల్లిపాయ వాసనో చూపించడం, ముఖాన నీళ్లు కొట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, కొన్నిచోట్ల పసిబిడ్డకు వాతలు పెట్టడం తరతరాలుగా సాగుతున్నాయి. వీటిని మూఢనమ్మకాలని కొట్టిపారేసినంత మాత్రాన ఎవరూ మానరు, ఎందుకంటే పాటించినవారు తమ కళ్లతో ఫలితం చూశారు: తాళాలు పెట్టారు, కాసేపటికి మూర్ఛ ఆగింది. అత్యధిక మూర్ఛలు రెండు మూడు నిమిషాల్లో తమంత తామే ఆగిపోతాయనీ, తాళాలు వెతికి తెచ్చి చేతిలో పెట్టడానికి కూడా దాదాపు అంత సమయమే పడుతుందనీ వివరించినప్పుడే ఆ నమ్మకం సడలుతుంది. తాళాల వల్ల ప్రత్యక్ష హాని లేదు, కానీ వాటిని వెతకడానికి పరుగెత్తిన మనిషి బిడ్డను పక్కకు తిప్పలేదు, గడియారం చూడలేదు. చెంచా విషయంలో హాని ప్రత్యక్షమే. నాలుక మింగేయడం శరీర నిర్మాణరీత్యా జరగని పని. కరుచుకున్న నాలుక కొద్ది రోజుల్లో మానుతుంది, విరిగిన పన్ను శ్వాసనాళంలోకి జారితే ప్రాణాపాయం. వాతల గురించి చెప్పవలసింది ఒక్కటే: స్పృహలో లేని బిడ్డను కాల్చడం ఏ పేరుతో జరిగినా అది గాయపరచడమే.

ఐదు నిమిషాలనే గీత ఎందుకు గీశారో కూడా సంరక్షకులకు చెప్పాలి. మూర్ఛను ఆపే యంత్రాంగం మెదడులోనే ఉంది. ఐదు నిమిషాలు దాటినా ఆగలేదంటే ఆ యంత్రాంగం విఫలమైందని, అది తనంతట తాను ఆగే అవకాశం తగ్గిపోయిందని అర్థం. అరగంటకు చేరితే నాడీకణాలకు శాశ్వత నష్టం కలగవచ్చు. ఐదు నిమిషాలు దాటిన స్థితిని నిరంతర మూర్ఛ అనవచ్చు. కాబట్టి ఐదు నిమిషాలు దాటితే, ఒకటి ఆగి స్పృహ రాకముందే మరొకటి వస్తే, నీటిలో ఉండగా వస్తే, తలకు గట్టి దెబ్బ తగిలితే, కుదుపులు ఆగాక ఊపిరి సరిగా ఆడకపోతే, అసలు ఆ బిడ్డకు ఇదే మొదటిసారి అయితే వెంటనే 108కి ఫోన్ చేయాలి. కుదుపులు ఆగాక ఊపిరి లేకపోతే గుండె ఆగినట్టు భావించి ఛాతీపై ఒత్తిడి మొదలుపెట్టాలి, అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ తెలుగు పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలిసిన అంకె అయింది. అయినా కొండ మీది గూడేలకు వాహనం చేరడానికి పట్టే సమయం వేరు. అలాంటి చోట మూర్ఛను ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఎంతో విలువైనది. మూర్ఛవ్యాధి ఉన్న బిడ్డకు డాక్టరు దాన్ని రాసిచ్చి, బరువును బట్టి ఎన్నిసార్లు కొట్టాలో కాగితంపై స్పష్టంగా రాసి, తల్లిదండ్రుల లిఖిత అనుమతితో కేంద్రంలో ఉంచితే, నేర్చుకున్న టీచరు దాన్ని వాడగలదు. అది ఊపిరిని మందగింపజేయగలదు కనుక ఒక బిడ్డకు రాసినదాన్ని మరో బిడ్డకు వాడరాదు.

అంగన్‌వాడీ వయసు పిల్లల్లో ఎక్కువగా ఎదురయ్యేది జ్వరపు మూర్ఛ. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంతో పాటు ఒకసారైనా ఇది వస్తుంది. ఒకసారి వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి మళ్లీ రావచ్చు. పదిహేను నిమిషాల లోపు ఆగి, ఒళ్లంతటికీ వచ్చి, ఒక రోజులో రెండోసారి రాకపోతే అది సాధారణ జ్వరపు మూర్ఛ, మూర్ఛవ్యాధి కాదు. జ్వరం మాత్ర బిడ్డకు ఊరటనిస్తుంది గాని మూర్ఛను నివారించదు, కాబట్టి మందు ఆలస్యమైనందువల్లే ఇలా జరిగిందని తల్లిని నిందించడం అన్యాయం. చన్నీళ్లలో ముంచడం వల్ల వణుకు పుట్టడం తప్ప మేలు లేదు. అయితే ఏడాది లోపు బిడ్డకు జ్వరంతో మూర్ఛ వస్తే, లేదా తరువాత కూడా మత్తుగానే ఉండి వాంతులు చేసుకుంటుంటే, మెదడు పొరల వాపు కావచ్చు గనుక ఆలస్యం పనికిరాదు. వెక్కివెక్కి ఏడ్చి ఊపిరి బిగబట్టి నీలంగా మారి సోలిపోయే పిల్లలు కూడా ఉంటారు. అక్కడ ముందు ఏడుపు, కోపం, లేదా దెబ్బ తప్పక ఉంటుంది. ఆ ‘ముందు’ను గమనించినవారే రెంటినీ విడదీయగలరు.

కింద పడని మూర్ఛల గురించి శిక్షణలు సాధారణంగా ఒకటి రెండు వాక్యాలతో ముగిస్తాయి, అది సరికాదు. పద్యం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, పది సెకన్లపాటు శూన్యంలోకి చూసి, ఏమీ జరగనట్టు కొనసాగించే పిల్లకు పరాకు మూర్ఛ ఉండవచ్చు. ఇది ఎక్కువగా నాలుగు నుంచి పదేళ్ల మధ్య మొదలవుతుంది, రోజుకు అనేకసార్లు రావచ్చు, పిలిచినా తట్టినా ఆగదు. పగటి కలలు కనే పిల్ల పిలిస్తే తిరిగి చూస్తుంది, ఈ పిల్ల చూడదు. చాలామంది ఇలాంటి పిల్లలు చదువులో మందమతులనే పేరు మోస్తూ దెబ్బలు తింటారు. ఇంకా తీవ్రమైనది శిశు కుదుపులనే రూపం. మూడు నెలల నుంచి ఏడాది మధ్య వయసు బిడ్డ, ముఖ్యంగా నిద్ర లేచిన వెంటనే, ఉలిక్కిపడినట్టు ముందుకు వంగి చేతులు చాచి మళ్లీ వదిలేయడం, కొద్ది సెకన్ల విరామంతో అదే మళ్లీ మళ్లీ చేయడం దీని గుర్తు. ఇంగ్లండుకు చెందిన వైద్యుడు విలియం జేమ్స్ వెస్ట్ 1841లో తన సొంత కొడుకులో దీన్ని గమనించి వైద్య పత్రికకు లేఖ రాశాడు, అందుకే ఆయన పేరే దానికి నిలిచింది. దీన్ని కడుపునొప్పిగా భావించి వారాలు గడిపితే బిడ్డ మానసిక ఎదుగుదల దెబ్బతింటుంది. త్వరగా వైద్యం మొదలైన బిడ్డకు ఫలితం మెరుగ్గా ఉంటుంది. బాలామృతం పొట్లం కోసం బిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లి, ‘వీడు ఊరికే ఉలికిపడుతున్నాడు’ అని అన్నప్పుడు ఆ మాటను పట్టుకోగల చెవి అంగన్‌వాడీలో ఉండాలి.

దక్షిణ భారతానికి, విశేషించి దక్షిణ కర్ణాటకకు, చెందిన మరో రూపం వేడినీటి మూర్ఛ. తలమీద నుంచి ధారగా వేడినీళ్లు పోసుకున్నప్పుడు మాత్రమే కొందరికి ఇది వస్తుంది. తలంటుకు సెగలు కక్కే నీళ్లు వాడే తెలుగు ఇళ్లలో కూడా, తలస్నానం నాడే బిడ్డ తేడాగా ఉంటోందని ఎవరైనా చెబితే ఆ సంగతి వైద్యుడి చెవిన వేయాలి. గోరువెచ్చని నీళ్లు వాడి, తల విడిగా కడగడంతోనే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. ఇక పంది బద్దెపురుగు గుడ్ల నుంచి వెలువడే లార్వాలు మెదడును చేరడం వల్ల వచ్చే మూర్ఛవ్యాధి మాంసాహారులకే వస్తుందన్నది అపోహ. ఆ గుడ్లు మలంతో కలుషితమైన కూరగాయల ద్వారా, కడగని చేతుల ద్వారా శాకాహారుల ఇళ్లకూ చేరతాయి. అన్నానికి ముందు పిల్లల చేత చేతులు కడిగించే ఆయా ఆ మేరకు మూర్ఛను కూడా నివారిస్తోంది.

ఇంగ్లండులో ఐదేళ్ల లోపు పిల్లలను చూసే కేంద్రాలకు వర్తించే చట్టబద్ధ నిబంధనల ప్రకారం, పిల్లలు ఉన్నంతసేపూ పూర్తి శిశు ప్రథమ చికిత్స ధ్రువపత్రం గలవారు కనీసం ఒకరు అక్కడ ఉండాలి. ఆ శిక్షణ కనీసం 12 గంటలది, మూడేళ్లకోసారి తిరిగి తీసుకోవాలి, మూర్ఛ అందులో తప్పనిసరి అంశం. ఆ నిబంధనలో గ్రహించవలసింది గంటల లెక్క కంటే ‘పిల్లలు ఉన్నంతసేపూ’ అన్న షరతు. తెలుగు రాష్ట్రాల్లో టీచరు ప్రాజెక్టు సమావేశానికో సర్వే పనికో వెళ్లినప్పుడు కేంద్రంలో మిగిలేది ఆయా ఒక్కతే. శిక్షణలు మాత్రం ఎక్కువగా టీచర్ల కోసమే రూపొందుతాయి. ఆయాకు ఇవ్వని మూర్ఛ శిక్షణ సగం కాదు, ఇంచుమించు శూన్యమే. యాభై మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రష్ ఏర్పాటు చేయాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ ఆదేశించింది; ఆ క్రష్‌ల సిబ్బందికీ ఇదే వర్తిస్తుంది. గురుకుల హాస్టళ్లలో పట్టించుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి: అంతస్తుల మంచంలో మూర్ఛవ్యాధి ఉన్న విద్యార్థికి కింది మంచమే ఇవ్వాలి, మాత్ర తప్పడమూ నిద్ర తప్పడమూ మూర్ఛను రేపే ప్రధాన కారణాలు గనుక పరీక్షల ముందు రాత్రిళ్లు మేల్కొనే అలవాటు ఆ విద్యార్థికి వద్దని చెప్పాలి. కోనసీమ నుంచి, కడప ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికీ వృద్ధుల సేవకూ వెళ్లే స్త్రీలకు బయలుదేరే ముందే ఈ పాఠం అందాలి. వృద్ధుల్లో మూర్ఛ పసిపిల్లల్లో కంటే భిన్నంగా, పక్షవాతం మిగిల్చిన మచ్చ నుంచి పుట్టి, ఉన్నట్టుండి తికమకపడటం, పెదవులు చప్పరించడం, కొంగు పీకడం వంటి చిన్న చేష్టలుగా బయటపడుతుంది. అది వయసు చాదస్తమని వదిలేయడం పరిపాటి.

శిక్షణ ఎలా జరగాలన్నదానిపై ఒక మాట. కుర్చీల్లో కూర్చోబెట్టి తెరమీద బొమ్మలు చూపించి పంపితే, కళ్లముందు బిడ్డ పడిపోయిన క్షణంలో చేతులు పాత అలవాటునే వెతుక్కుంటాయి. నేల మీద చాప పరిచి, ఒకరు పడిపోయినట్టు నటిస్తే మరొకరు పక్కకు తిప్పడం, మూడోవారు గోడ గడియారం చూసి గట్టిగా నిమిషాలు చెప్పడం సెక్టార్ సమావేశంలో అరగంటలో చేయగల పని. ఐదు నిమిషాలు మౌనంగా కూర్చుని ఆ వ్యవధి ఎంత దీర్ఘమో అనుభవంలోకి తెచ్చుకోవడం అందులో తప్పనిసరి. కంగారులో ఒక నిమిషం పదిగా తోస్తుంది, సాక్ష్యంలో మొదట చెడేది కాలమానమే.

మూర్ఛవ్యాధి ఉన్న బిడ్డను కేంద్రానికి పంపవద్దని చెప్పే అధికారం ఎవరికీ లేదు. ఒకప్పుడు మూర్ఛవ్యాధిని వివాహం రద్దుకు కారణంగా ఉంచిన హిందూ వివాహ చట్టం నుంచి, ప్రత్యేక వివాహ చట్టం నుంచి పార్లమెంటు 1999లో ఆ మాటను తొలగించింది. కానీ చట్టం తొలగించిన వెలి మూడేళ్ల బిడ్డ విషయంలో అంగన్‌వాడీ గుమ్మం దగ్గరే మళ్లీ మొదలుకావచ్చు. మిగతా పిల్లలను ఆ సమయంలో మరో మూలకు తీసుకెళ్లి, ‘చెల్లికి కాసేపు ఒంట్లో బాగోలేదు, పడుకుని లేస్తుంది’ అని చెప్పేవారు ఒకరుంటే, లేచిన బిడ్డ తడిసిన గౌను మార్చి తిరిగి అదే చాప మీద కూర్చోబెట్టేవారు ఉంటే, పిల్లలు దాన్ని జ్వరం లాగే తీసుకుంటారు. భయం పెద్దల ముఖాల నుంచి వారికి అంటుకుంటుంది.

ఇక సాక్ష్యం. మూర్ఛ ఆగాక, బిడ్డ నిద్రలో ఉండగానే, మరచిపోకముందే రిజిస్టరులో రాయవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి: అంతకుముందు బిడ్డ ఏం చేస్తోంది, జ్వరం ఉందా, మొదట కదిలింది ఏ వైపు చెయ్యి, కళ్లూ తలా ఎటు తిరిగాయి, ఒళ్లంతా కొట్టుకుందా ఒక పక్కేనా, ఎన్ని నిమిషాలు, లేచాక ఒక చెయ్యి కాసేపు పడిపోయినట్టు ఉందా. ఈ చివరిదాన్ని 1849లో వైద్యుడు రాబర్ట్ బెంట్లీ టాడ్ వర్ణించాడు. అది మూర్ఛ మెదడులో ఏ వైపు మొదలైందో చెప్పే గుర్తు. ఇద్దరున్నప్పుడు, ఒకరు బిడ్డ దగ్గర ఉండగా రెండోవారు తల్లిదండ్రుల అనుమతి ఉన్న మేరకు ఫోనులో వీడియో తీస్తే అది ఈఈజీకి సాటివచ్చే ఆధారం అవుతుంది, డాక్టరుకు తప్ప అది ఇంకెవరికీ చేరకూడదు. మధ్యాహ్నం బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చిన తల్లికి ఆయా చెప్పవలసింది ‘మీ పాపకు ఫిట్స్ వచ్చాయమ్మా’ అన్న ఒక్క ముక్క కాదు. పదకొండుంబావుకు బొమ్మలతో ఆడుతుండగా కళ్లు ఎడమకు తిరిగాయనీ, ఎడమ చెయ్యి ముందు కొట్టుకుని తరువాత ఒళ్లంతా అందుకుందనీ, రెండున్నర నిమిషాలకు ఆగిందనీ, లేచాక పావుగంటపాటు ఎడమ చేత్తో గ్లాసు పట్టుకోలేకపోయిందనీ రాసిన కాగితాన్ని ఆమె చేతిలో పెట్టాలి. జిల్లా ఆసుపత్రిలో వైద్యుడు ఆ కాగితం చదివాక ఏ పరీక్ష రాయాలో, మెదడులో ఏ వైపు వెతకాలో ఆలోచించడం మొదలుపెడతాడు.